రేపటి టిఫిన్... రాత్రే సిద్ధం!

పొయ్యి వెలిగించే పని లేదు, పప్పు రుబ్బే పని లేదు. రాత్రి పడుకోబోయే ముందు పాలల్లో రెండు చెంచాల చియా గింజలు కలిపి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి చిక్కటి పుడ్డింగ్ తయారవుతుంది. దాని మీద నాలుగు పండ్ల ముక్కలు వేసుకుంటే పొద్దుటి టిఫిన్ అయిపోయినట్టే. ఈ చిట్టి గింజ ఎక్కడిది? చక్కగా కుదరాలంటే ఎలా కలపాలి? ఎవరు జాగ్రత్తపడాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, మన ఇళ్లలో ఇది ఎవరి భారం తగ్గిస్తుంది?

దోసెలు వేసే ఇంట్లో పొద్దున్న ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. మొదటి దోసె పిల్లల పళ్లెంలోకి వెళ్తుంది. తర్వాతది ఆయనకు, ఆ తర్వాత మామయ్యకు, అత్తయ్యకు. 'వేడిగా ఇంకోటి' అన్న మాట హాల్లోంచి వినిపిస్తూనే ఉంటుంది. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, గిన్నె అడుగున మిగిలిన పిండితో ఆఖరి దోసె వేసుకునేది దోసెలు పోసిన ఆవిడే. స్కూలు బస్సో ఆఫీసు క్యాబో తరుముతుంటే ఆ ఆఖరి దోసె కూడా ఉండదు. కప్పు కాఫీతో సరిపెట్టుకుని బయల్దేరుతుంది.

'చద్దన్నం తిన్నమ్మ మొగుడాకలి ఎరుగదు' అని మనకో సామెత. పొద్దున్నే నాలుగు ముద్దలు తిన్న ఇల్లాలిని తప్పుబట్టే సామెత అది. చాలా ఇళ్లలో చద్దన్నం కనుమరుగైంది కానీ ఇంటావిడ అందరి తర్వాతే తినాలన్న అలవాటు అంత తేలిగ్గా పోలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనుల్లో పాలుపంచుకునే మహిళలు వాటిమీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించగా, పురుషులు వెచ్చించింది 97 నిమిషాలే. ఐదు గంటలకూ గంటన్నరకూ ఉన్నంత తేడా! ఆ ఐదు గంటల్లో ఊపిరాడనిది పొద్దుటి పూటే.

చియా పుడ్డింగ్ గురించి వచ్చే మాటలు ఎక్కువగా బరువు తగ్గడం చుట్టూ, మెరిసే చర్మం చుట్టూ తిరుగుతుంటాయి. దాని అసలు విలువ అక్కడ లేదు. పొద్దున వండక్కర్లేని, వేడిగా వడ్డించక్కర్లేని టిఫిన్ ఇంట్లో ఉంటే అందరూ ఒకేసారి కూర్చుని తినొచ్చు. ఆ అందరిలో అమ్మ కూడా ఉంటుంది. వారానికి రెండు రోజులైనా అలా గడిస్తే అది చిన్న మార్పేమీ కాదు.

నానబోయడం మనకు వెన్నతో పెట్టిన విద్య

రేపటి తిండి గురించి ఈ రాత్రే ఆలోచించడం తెలుగు వంటింటికి కొత్త కాదు. ఇడ్లీకి మినప్పప్పు, పెసరట్టుకు పెసలు, వడపప్పుకు పెసరపప్పు... అన్నీ నానాల్సిందే. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడుపెట్టినా, గంజిలోనో నీళ్లలోనో అన్నం నానబెట్టినా చద్దన్నమే. దాన్ని పొద్దున్నే ఉల్లిపాయో పచ్చిమిరపకాయో నంజుకుని తిని పొలానికి వెళ్లేవారు. 'పెద్దల మాట చద్దిమూట' అన్నారంటే చద్దికి ఎంత విలువ ఇచ్చారో చూడండి. పొయ్యి దగ్గరకు వెళ్లకుండానే పొద్దుటి ఆకలి తీర్చిన తిండి అది.

తర్వాత్తర్వాత ఆ స్థానంలోకి ఇడ్లీ, దోసె, ఉప్మా, పూరీ వచ్చాయి. రుచిలో వాటికి సాటి లేదు. అయితే ముందురోజు ఎంత సిద్ధం చేసుకున్నా, పొద్దున ఆవిరి మీద ఉడికించడమో పెనం ముందు నిలబడటమో తప్పదు. పక్కన చట్నీ కూడా ఉండాలి. రాత్రి పని రాత్రే ముగిసిపోయి, పొద్దున తినడమే మిగిలే పద్ధతి చద్దన్నానిది. చియా పుడ్డింగ్‌దీ అదే పద్ధతి. గింజ పరాయి దేశానిదైనా, పద్ధతి మనమెరిగినదే.

మెక్సికోలో పుట్టి... మైసూరుకు చేరి

చియా మొక్క శాస్త్రీయ నామం సాల్వియా హిస్పానికా. మన తులసి, పుదీనాల కుటుంబానికే చెందిన మొక్క. మధ్య, దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా దీని పుట్టినిల్లు. అజ్టెక్కుల కాలంలో మొక్కజొన్న, చిక్కుళ్లతో పాటు ఇదీ ముఖ్యమైన పంట. 1541 ప్రాంతంలో తయారైన కోడెక్స్ మెండోజా అనే బొమ్మల గ్రంథంలో, సామంత ప్రాంతాలు రాజధానికి చెల్లించే కప్పంలో చియా గింజలూ కనిపిస్తాయి. 1521లో స్పెయిన్ ఆక్రమణ తర్వాత గోధుమలాంటి పంటలు వచ్చి చేరాయి, చియా సాగు కుంచించుకుపోయింది. అయినా మెక్సికోలో జనం దాన్ని వదిలిపెట్టలేదు. నీళ్లలో చియా నానబెట్టి నిమ్మరసం, తీపి కలుపుకుని తాగే పానీయం అక్కడ ఇప్పటికీ ఉంది. వేసవిలో మనం సబ్జా షర్బత్ తాగినట్టే.

1990ల్లో అర్జెంటీనాలో జరిగిన పరిశోధనలు ఈ గింజను మళ్లీ వాణిజ్య పంటగా నిలబెట్టాయి. ఉత్తర మెక్సికో కొండల్లో మైళ్లకు మైళ్లు పరిగెత్తే తారాహుమారా తెగ వారి గురించి 2009లో వచ్చిన 'బార్న్ టు రన్' పుస్తకం పుణ్యమా అని, వాళ్లు తాగే చియా నీళ్లకు ప్రపంచమంతటా పేరొచ్చింది. పాలల్లో రాత్రంతా నానబెట్టే పుడ్డింగ్ మాత్రం మెక్సికో పాత వంట కాదు, ఈమధ్యకాలపు వంటిళ్లలో పుట్టిందే.

మన దేశంలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ చొరవతో కర్ణాటక రైతులు దీన్ని వేయడం మొదలుపెట్టారు. మధ్యప్రదేశ్‌లోనూ సాగవుతోంది. పగటి పొద్దు తగ్గినప్పుడే పూతకొచ్చే మొక్క కాబట్టి మన దగ్గర ఇది చలికాలపు పంట. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఎక్కడ పండిందో ఒకసారి చూడండి. దేశంలో పండిన గింజ దొరుకుతుంటే దిగుమతి సరుకుకు ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు.

సబ్జా వేరు... చియా వేరు

దుకాణాల్లో ఈ రెండింటినీ ఒకటే అనుకుని కొనేవాళ్లు చాలామంది. సబ్జా గింజలు అన్నీ ఒకే నలుపులో ఉంటాయి. చియా గింజలు కోలగా, నున్నగా ఉండి నలుపు, బూడిద, తెలుపు రంగులు కలగలిసి మచ్చలతో కనిపిస్తాయి. నీళ్లలో వేస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. సబ్జా కొద్ది నిమిషాల్లోనే ఉబ్బి, ఒక్కో గింజ చుట్టూ తెల్లటి పొర ఏర్పడుతుంది. చియా నెమ్మదిగా నానుతుంది కానీ, చుట్టూ ఉన్న ద్రవాన్నంతా చిక్కబరుస్తుంది.

చియా పైపొరలో దాగి ఉన్న జిగురు పీచే దీనికి కారణం. తడి తగలగానే అది సన్నటి దారాల్లా బయటికొచ్చి నీటిని పట్టి ఉంచుతుంది. తన బరువుకు దాదాపు పది రెట్ల నీటిని పీల్చుకోగల శక్తి ఈ గింజకుంది. సేమ్యా పాయసమో కస్టర్డో చిక్కబడాలంటే నిప్పు కావాలి. చియాకు సమయం చాలు. వండకుండానే వంటకం కావడంలోని కిటుకు ఇదే. ఆ జిగురు వల్లే వీటిని కడగడం కుదరదు. శుభ్రం చేసిన ప్యాకెట్ కొని, పొడి పళ్లెంలో పోసి మట్టిబెడ్డలు లేకుండా ఏరుకోవాలి.

కలిపే తీరు

ఒక్కరికి: చియా గింజలు 2 టేబుల్ స్పూన్లు (సుమారు 25 గ్రాములు), కాచి పూర్తిగా చల్లార్చిన పాలు 150 మిల్లీలీటర్లు, గింజలు తీసి నానబెట్టి మెత్తగా చేసిన ఖర్జూరాలు రెండు లేదా చెంచాడు తేనె, చిటికెడు యాలకుల పొడి, చిటికెడు ఉప్పు, పండ్ల ముక్కలు 100 గ్రాములు, వేయించిన పల్లీలో బాదంపప్పులో గుప్పెడు.

మూతున్న గాజు సీసాలోనో స్టీలు డబ్బాలోనో పాలు పోసి, ఖర్జూరం ముద్ద, యాలకుల పొడి, ఉప్పు కలపాలి. తర్వాత గింజలను ఒకచోట కుమ్మరించకుండా చల్లుతూ చెంచాతో కలియబెట్టాలి. ఇక్కడితో వదిలేస్తే గింజలు అడుగుకు చేరి గట్టి ఉండ కడతాయి. చాలామందికి మొదటిసారి కుదరకపోవడానికి ఇదే కారణం. పది నిమిషాలాగి, అడుగు, అంచులు గీరుతూ మరోసారి బాగా కలపాలి. ఈ రెండో కలుపు మాత్రం తప్పనిసరి. తర్వాత మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. కనీసం నాలుగు గంటలు నానాలి, రాత్రంతా అయితే ఇంకా మంచిది.

పొద్దున తీసేసరికి గట్టిగా అనిపిస్తే రెండు చెంచాల పాలు కలపండి. పలచగా ఉంటే మరో అర టేబుల్ స్పూను గింజలు వేసి అరగంట ఆగండి. గింజలు పంటికి తగలడం నచ్చని పిల్లలకు, నానిన పుడ్డింగ్‌ను మిక్సీలో తిప్పి ఇస్తే మెత్తగా జారిపోతుంది. చల్లటివి పడనివాళ్లు తినే ముందు కాసేపు బయట పెట్టుకుంటే సరి.

పాలు పడనివారికి కొబ్బరిపాలు చక్కగా సరిపోతాయి. ఇంట్లో తీసిన పచ్చి కొబ్బరిపాలు త్వరగా పాడవుతాయి కాబట్టి మర్నాడే తినేయాలి. పెరుగుతోనూ చేసుకోవచ్చు. కప్పు పెరుగులో పావు కప్పు నీళ్లు పోసి చిలికి గింజలు కలపాలి. తీపి వద్దనుకునేవాళ్లు ఇందులో ఉప్పు, అల్లం తరుగు వేసి, పొద్దున దానిమ్మ గింజలు, దోర జామ ముక్కలు కలుపుకుని చూడండి. పెరుగన్నం ఇష్టపడే నాలుకకు అది ఇట్టే నచ్చుతుంది. బెల్లం వేయాలనుకుంటే కొద్ది నీళ్లలో కరిగించి, వడకట్టి కలపాలి.

పండ్లు వేయని పుడ్డింగ్ ఫ్రిజ్‌లో మూడు రోజులు నిల్వ ఉంటుంది. ఆదివారం రాత్రి కలిపిపెడితే బుధవారం పొద్దుటి వరకూ బెంగ లేదు. వాసన తేడాగా ఉన్నా, పుల్లగా మారినా పారేయాల్సిందే. వేసవిలో కరెంటు గంటల తరబడి పోయే చోట పాలతో చేసినదాన్ని నిల్వ ఉంచకండి, ఏ రోజుకారోజు కలుపుకోండి.

ఏ కాలానికి ఏ పండు?

పండే ఈ టిఫిన్‌కు రుచి. చియాకు తనదంటూ చెప్పుకోదగ్గ రుచి లేదు, ఏది కలిపితే ఆ రుచికి ఒదిగిపోతుంది. కాబట్టి దూరదేశపు బెర్రీలు కొనక్కర్లేదు. మన ఊరి బండి మీద ఏ పండు ఉంటే అదే.

వేసవిలో మామిడిని మించినది లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి ముక్కలు కోసుకోవడానికి బాగుంటుంది, పీచు ఉండదు. నూజివీడు రసాలైతే పిండి, ఆ రసాన్నే పాలకు బదులు సగం పోయొచ్చు. బాగా పండిన రసాలకు వేరే తీపి అక్కర్లేదు. కొబ్బరిపాల చియా మీద తాటిముంజల ముక్కలు వేస్తే, ఎండాకాలపు పొద్దునకు అంతకన్నా హాయిగొలిపేది ఉండదు.

తొలకరితో నేరేడు వస్తుంది. గింజ తీసి గుజ్జు కలిపితే పుడ్డింగ్ అంతా ఊదారంగులోకి మారి పిల్లల్ని ఊరిస్తుంది. వానలు తగ్గుముఖం పట్టాక సీతాఫలం కాలం. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరు మీద ఒక సీతాఫలం రకమే ఉంది. గింజలు తీయడమే కాస్త ఓపిక పని, అది రాత్రి టీవీ చూస్తూ ఎవరైనా చేయొచ్చు. ఆ గుజ్జు కలిస్తే మరే తీపీ వద్దు. చలికాలంలో జామ, కమలా, లంబసింగి వైపు పండే స్ట్రాబెర్రీ. అరటి, సపోటా, దానిమ్మ దాదాపు ఏడాదంతా అందుబాటులో ఉంటాయి.

కొన్ని పండ్లను మాత్రం రాత్రే కలిపితే దెబ్బతింటాం. బొప్పాయి, అనాస, కివీల్లో ప్రోటీన్‌ను విడగొట్టే ఎంజైమ్‌లుంటాయి. పాలతో రాత్రంతా కలిసి ఉంటే పాలలోని ప్రోటీన్‌ను అవి విరగ్గొట్టి చేదు రుచి తెస్తాయి. తినే నిమిషంలో వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. అరటి, సపోటా, జామ కోసి ఉంచితే గాలి తగిలి నల్లబడతాయి, అవీ పొద్దున్నే కోసుకోవాలి. కమలా, బత్తాయిలాంటి పుల్లటి పండ్లకు పాలకన్నా పెరుగు, కొబ్బరిపాలే జత. మామిడి, దానిమ్మ రాత్రే వేసినా పరవాలేదు.

గింజ గొప్పతనం ఎంత?

వంద గ్రాముల చియాలో సుమారు 34 గ్రాముల పీచు, 16 గ్రాముల ప్రోటీన్, 630 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటాయి. మొక్కల నుంచి వచ్చే ఒమేగా-3 కొవ్వు, అంటే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం 17 గ్రాములకు పైనే. మనం తినే 25 గ్రాముల లెక్కన చూస్తే పీచు ఎనిమిది గ్రాముల పైచిలుకు. మైదా పూరీలు, తెల్లటి ఉప్మా తినే పొద్దునతో పోలిస్తే ఇది పెద్ద లాభమే. పాలు, గింజలు కలిపి కప్పుకు ఎనిమిది, తొమ్మిది గ్రాముల ప్రోటీన్ అందుతుంది. తీపి, పల్లీలు లెక్కేయకుండా, పండు కూడా కలిపితే 270 కేలరీల దాకా వస్తాయి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 100 గ్రాముల పండ్లు, 35 గ్రాముల గింజలు, బాదంలాంటి పప్పులు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు తీసుకోవాలన్న సూచన ఉంది. ఈ ఒక్క కప్పుతో పండ్ల లెక్క పూర్తవుతుంది, గింజల లెక్క దాదాపు పూర్తవుతుంది, పాలలో సగం అందుతాయి.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఒమేగా-3 మన అవిసె గింజల్లో చియాకన్నా ఎక్కువ. క్యాల్షియంలో నువ్వులు చియాను దాటేస్తాయి. పైగా మొక్కల ఒమేగా-3లో కొద్ది భాగమే, చేపల్లో దొరికే రకాలుగా మన ఒంట్లో మారుతుంది. చియా తిన్నంత మాత్రాన బరువు తగ్గరు, షుగరు నయం కాదు. ఏ గింజకూ లేని మహిమలు చియాకూ లేవు. పొయ్యి లేకుండా చిక్కబడే గుణం మాత్రం దానిది. మన వంటింటికి అది పనికొచ్చేదీ అక్కడే. పుడ్డింగ్ మీద చెంచాడు అవిసె పొడో, వేయించిన నువ్వులో చల్లుకుంటే అన్నీ కలిసొస్తాయి.

పొలం పనికో, బరువులెత్తే పనికో వెళ్లేవారికి ఈ ఒక్క కప్పు చాలదు. ఉడికించిన గుడ్డు, పల్లీలు, అరటిపండు తోడు కావాలి.

ఈ జాగ్రత్తలు తప్పవు

పొడి చియా గింజలు నోట్లో వేసుకుని నీళ్లు తాగడం ప్రమాదం. అలా చేసిన ఒక వ్యక్తికి అన్నవాహికలో గింజలు ఉబ్బి అడ్డుపడగా, వైద్యులు వాటిని తొలగించాల్సి వచ్చిన ఉదంతాన్ని 2014లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సదస్సులో వివరించారు. గింజ బాగా నానాకే నోట్లోకి వెళ్లాలి. మింగడంలో ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

పీచు ఎక్కువ తినే అలవాటు లేనివాళ్లు మొదట్లో ఒక టేబుల్ స్పూనుతో ఆరంభించి మెల్లగా పెంచుకోవాలి, రోజంతా నీళ్లు బాగా తాగాలి. లేదంటే కడుపు ఉబ్బరిస్తుంది. రక్తం పలచబడటానికి మందులు వాడేవారు, షుగరు మాత్రలు వేసుకునేవారు రోజూ తినాలనుకుంటే ముందు తమ డాక్టరుతో ఒక మాట చెప్పాలి. మధుమేహం ఉన్నవారు తేనె, ఖర్జూరం మానేసి జామ ముక్కల్లాంటివాటితో సరిపెట్టుకోవాలి. ఏడాది నిండని పసివాళ్లకు తేనె పెట్టకూడదు.

కలిపేది ఎవరు?

ఈ వంటకానికి నేర్పు అక్కర్లేదు. నిప్పు లేదు, కత్తిపీట పదును లేదు, ఉప్పూకారం అంచనాల్లేవు. ఎనిమిదేళ్ల పిల్లాడు చేయగలడు. జీవితంలో పొయ్యి ముట్టించని తాతయ్యా చేయగలడు. అమీర్‌పేట హాస్టల్ గదిలో స్టవ్వు లేకుండా పోటీ పరీక్షలకు చదివే అమ్మాయి, రాత్రి డ్యూటీ దిగి అలసిపోయి వచ్చే నర్సు, డల్లస్‌లో నలుగురితో కలిసి ఒకే వంటిల్లు పంచుకునే మన విద్యార్థి... ఎవరికైనా చేతిలో పనే.

అందుకే ఈ పని కూడా అమ్మ జాబితాలో మరో పనిగా చేరితే దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పొద్దుటి చాకిరీ రాత్రికి మారినట్టవుతుంది, అంతే. ఇడ్లీ బాగా రావాలంటే చేయి తిరిగి ఉండాలి, దోసె పల్చగా రావాలంటే ఏళ్ల అలవాటు ఉండాలి. 'నాకు రాదు' అనడానికి అక్కడ కొంత వీలుంది. ఇక్కడ ఆ సాకు చెల్లదు. సోమవారం నాన్న, బుధవారం అబ్బాయి, శుక్రవారం అమ్మాయి అని వంతులు వేసుకోండి. ఎవరు కలిపితే వాళ్లే మర్నాడు పండ్లు కోయాలి, డబ్బాలు కడగాలి. గింజలు అయిపోతే తేవాల్సిందీ వాళ్లే.

ఇడ్లీలూ దోసెలూ ఎక్కడికీ పోవు. అవి కావాలి, మన నాలుకా మనసూ వాటిని కోరుతూనే ఉంటాయి. వాటి మధ్యలో వారానికి రెండు రోజులు పొయ్యికి సెలవివ్వగలిగితే, అందరి కప్పులూ ఒకేసారి బల్ల మీదికొస్తాయి, అందరి చెంచాలూ ఒకేసారి లేస్తాయి. ఎవరి ఆకలి తర్వాత ఎవరి ఆకలి అన్న లెక్క ఆ రెండు రోజులైనా ఉండదు. తీరిక ఉన్న ఆదివారమే మొదలుపెట్టండి. గింజలు తెచ్చుకోండి. రాత్రి భోజనాలయ్యాక, ఇంతవరకూ వంటింట్లో అడుగుపెట్టని మనిషి ఇంట్లో ఎవరుంటే వాళ్ల చేతికే చెంచా ఇవ్వండి.